పక్క గదిలో టవర్

ఈ మధ్య పైలట్లకు ఆరు నెలలకోసారి జరిగే పరీక్ష కోసం సిమ్యులేటర్, అంటే నేల మీదే ఉండే నకిలీ కాక్‌పిట్, ఎక్కినప్పుడు హెడ్‌సెట్‌లో ఒక చప్పుడు విన్నాను. ఇదివరకు మా వెనక కూర్చునే శిక్షకుడే మమ్మల్ని పరీక్షిస్తూ, మధ్యమధ్యలో గొంతు మార్చి, విమానాలకు దారి చెప్పే టవర్‌లాగా కూడా మాట్లాడేవాడు. మేమూ నమ్మినట్టే నటించేవాళ్ళం. ఇప్పుడు అలా కాదు. ఎక్కడో వేరే గదిలో నిజంగానే ఒక కంట్రోలర్ కూర్చుని, మాతోపాటు ఇంకో నాలుగైదు సిమ్యులేటర్లలో ఉన్న పైలట్లతో మాట్లాడుతున్నాడు. ఆయన మైకు నొక్కగానే, మాటకు ముందు ఒక్క క్షణం, టేబుల్ ఫ్యాన్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తిరుగుతూ టక్కుమనడం వినిపించింది. నాకు నవ్వొచ్చింది. పక్క సీట్లోని కెప్టెన్ నా వైపు చూసి "ఏంటి?" అన్నాడు. "ఏం లేదు సార్. తెలిసిన ఫ్యాన్‌లాగా ఉంది" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. పరీక్ష మధ్యలో చెప్పేంత చిన్న సంగతీ కాదు.

ఆ ఫ్యాన్ రాజమండ్రి దానవాయిపేటలో, ఒక మేడ మీది వాటాలో, కామేశ్వరి గారి బల్ల మీద ఉండేది. ఆమె కోనసీమలో ఒక పురోహితుడి కూతురు. ఫిజిక్స్ చదివి, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా ముప్పై ఏళ్ళకు పైగా ఎన్నో ఊళ్ళ విమానాశ్రయాల్లో పనిచేసి రిటైరయ్యారు. ఇంటర్‌లో నాకు ఫిజిక్స్ చెప్పిన మాస్టారు ఆమె తమ్ముడు. కింద వాటాలో ఆయన కుటుంబం, పైన ఈవిడ ఒక్కరే. సన్నగా, పొట్టిగా, నేత చీర కొంగు నడుముకు బిగించి ఉండేవారు. గొంతు మాత్రం మనిషికి రెండింతలు ఉండేది. గట్టి గొంతు కాదు, తేట గొంతు. ఒక్కో మాట విడివిడిగా, నీళ్ళతో కడిగి పెట్టినట్టు ఉండేది.

నేను ఆమె దగ్గరికి వెళ్ళింది ఓడిపోయి. మాది రావులపాలెం. నాన్నకు అరటి మార్కెట్‌లో కమీషన్ వ్యాపారం. మా ఇళ్ళలో ఆడపిల్ల విమానం నడుపుతానంటే మొదట నవ్వారు, తర్వాత పోట్లాడారు, చివరికి నాన్న పంపించాడు. వేరే రాష్ట్రంలో ఉన్న ఫ్లయింగ్ స్కూల్లో నా చేతులకు ఏ ఇబ్బందీ రాలేదు. నోటికే వచ్చింది. ఒకరోజు రేడియోలో టవర్ చెప్పినదాన్ని తిరిగి చెప్పబోయి తడబడి, ఎత్తు చెప్పాల్సిన చోట దిక్కు చెప్పాను. ఆ రేడియో అందరికీ వినిపిస్తుంది. సాయంత్రం హాస్టల్ మెస్‌లో ఎవరో నా యాసతో ఆ వాక్యాన్ని అనుకరిస్తే బల్ల బల్లంతా నవ్వింది. అప్పటినుంచి మైకు బటన్ మీద వేలు పెడితే నాలుక పిడచకట్టేది. పక్కనున్న శిక్షకుడే నా బదులు మాట్లాడేవాడు. చివరికి ఆయన, "చేతులు బాగున్నాయమ్మా. కానీ నోరు లేని పైలట్‌ని ఒంటరిగా పైకి పంపలేను. ఒక నెల ఇంటికెళ్ళి రా. అప్పటికీ ఇంతే అయితే మానేయడం మంచిది" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదేమో.

ఇంటికొచ్చాక సంగతి విని మాస్టారే నన్ను అక్కగారి దగ్గరికి పంపారు. కామేశ్వరి గారు మొదటి రోజు విమానం మాటే ఎత్తలేదు. మజ్జిగ ఇచ్చి, "మీ నాన్నగారి మార్కెట్‌లో ఏం జరుగుతుందో చెప్పు. పొద్దున్నుంచీ చెప్పు. నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నారు.

నేను చెప్పాను. రైతులు సైకిళ్ళ మీద, ట్రాక్టర్ల మీద గెలలు తేవడం, కర్పూర ఒక పక్క, చక్కెరకేళి ఒక పక్క పేర్చడం, లారీలు వరసగా నిలబడటం. ఆమె ఊరుకోలేదు. ఏ గెల ఏ లారీకో ఎవరు చెప్తారు? నాన్న కేకేస్తాడండి. అంత గోలలో కూలీల జట్టు మేస్త్రికి ఎలా వినిపిస్తుంది? వినిపించినట్టు అతను మళ్ళీ కేకేసి చెప్తాడండి.

"ఎందుకూ మళ్ళీ చెప్పడం?"

"చెప్పకపోతే కటక్ వెళ్ళాల్సిన సరుకు చెన్నై లారీలో పడుతుందండి."

"అతను తప్పు చెప్తే?"

"నాన్న వెంటనే దిద్దుతాడండి."

"అప్పుడు మేస్త్రి సిగ్గుతో చచ్చిపోతాడా?"

నేను నవ్వేశాను. "లేదండి మేడమ్. అంత టైము ఎక్కడుంటుంది?"

"రేడియో అంటే అంతే. ఇంగ్లీషులో ఉంటుంది, అంతకుమించి తేడా లేదు. ఇంకోటి, మేడమ్ ఉద్యోగంతోనే పోయింది. పిన్నిగారూ అను చాలు" అన్నారు.

మర్నాటి నుంచి రోజూ రావులపాలెంలో బస్సెక్కి, జొన్నాడ వంతెన దాటి, మధ్యాహ్నానికి ఆమె ఇల్లు చేరేదాన్ని. ముందు గదిలో కంప్యూటర్, దానికో జాయ్‌స్టిక్, కాళ్ళ దగ్గర పెడల్స్. తమ్ముడి కొడుకు కాలేజీ రోజుల్లో ఆడుకుని వదిలేసిన సామాను. పక్క గదిలో ఇంకో కంప్యూటర్ తెర మీద నా విమానం ఒక చుక్కలాగా కనిపించేది. ఆమె అక్కడ కూర్చుని తలుపు వేసుకునేవారు. "నా ముఖం చూస్తే నీకు ధైర్యం వస్తుంది. పైన నీకు ఏ ముఖమూ కనిపించదు" అనేవారు. ఇక ఆమె నాకు గొంతే. ఆ గొంతు, దాని వెనక ఫ్యాన్ టక్కుమనడం.

మొదటి వారం ఇద్దరమే. తెర మీద రాజమండ్రి విమానాశ్రయం, మధురపూడి రన్‌వే మీంచి లేచి, గోదావరి మీద ఒక చుట్టు చుట్టి, దిగేదాన్ని. నేను తడబడితే ఆమె కోప్పడేవారు కాదు, జాలీ పడేవారు కాదు. మళ్ళీ అదే స్వరంతో అదే మాట చెప్పేవారు. రెండో వారంలో నన్ను ఇంటర్నెట్‌కి కలిపారు. ఇళ్ళలో కూర్చుని ఇలా విమానాలు నడిపేవాళ్ళు దేశమంతా ఉన్నారట. వాళ్ళ కోసం కొందరు తీరిక వేళల్లో టవర్‌లాగా కూర్చుంటారు. కామేశ్వరి గారు వాళ్ళలో ఒకరు. ఒకేసారి ఆరేడు గొంతులు నా చెవుల్లో పడ్డాయి. కాకినాడలో రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. ఆయన ప్రతిసారీ ఎత్తు తప్పు చెప్పేవాడు. ఆమె దిద్దగానే "కరెక్టండి, కరెక్టండి" అని తెలుగులో అనేసేవాడు. ఎవరూ నవ్వేవారు కాదు. నేను తడబడ్డ రోజున కూడా ఎవరూ నవ్వలేదు. ఎవరి విమానం గొడవ వాళ్ళది. ఆ సంగతి నాకు ఎంత వింతగా అనిపించిందో చెప్పలేను. లోకమంతా నా తప్పు వింటోందని అనుకున్న చోట, లోకం తన వంతు కోసం ఎదురుచూస్తోందంతే.

మూడో వారంలో జరిగింది అసలు సంగతి. ఆ మధ్యాహ్నం తెర మీద మబ్బు పెట్టారు. పోలవరం వైపు వెళ్ళి వెనక్కి రావడం నా పని. తిరిగే వేళకు ఆమె గొంతు వినిపించింది. మూడు వందల ఇరవై డిగ్రీల దిక్కుకు తిరిగి, పదిహేను వందల అడుగులకు దిగమని. నేను పొల్లుపోకుండా తిరిగి చెప్పాను. "కరెక్ట్" అన్నారు. తిరిగాను. దిగాను. చుట్టూ తెల్లగా ఉంది. లోపల ఏదో గీరుకున్నట్టు అనిపించింది. ఎదురుగా ఉండాల్సిన రాజమండ్రి నా వెనక పడింది కదా, ఇటు పాపికొండలు కదా? చిన్నప్పుడు లాంచీలో వెళ్ళినప్పుడు తలెత్తి చూసిన కొండలు. మైకు బటన్ మీద వేలు పెట్టాను. తీసేశాను. మబ్బు విడిపోయేసరికి ఎదురుగా పచ్చటి కొండ, తెర నిండా. ఆ తర్వాత తెర ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది. ఆమె వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మా మాటలన్నీ రికార్డయ్యేవి. వెనక్కి జరిపి విన్నారు. మళ్ళీ విన్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నూట నలభై అనాల్సింది. ఊరి వైపు. సరిగ్గా దానికి ఎదురు దిక్కు చెప్పాను. నువ్వు తిరిగి చెప్తే కూడా వినలేదు. నేను వినాలనుకున్నదే నాకు వినిపించింది. ఇది నా తప్పమ్మా."

నాకు ఆమెను అలా చూడటం ఇష్టం లేకపోయింది. "నన్ను పరీక్షించడానికి అలా చెప్పారనుకున్నానండి" అన్నాను.

"అలా అని ఒప్పుకోవడం నాకూ తేలికే. కానీ పరీక్ష అంటే, పిన్నిగారు తెలివిగా మోసం చేశారనుకుంటావు. తప్పు అంటే, ఎంతటివాళ్ళైనా చేస్తారని తెలుస్తుంది. రెండోదే నీకు పనికొస్తుంది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అడిగారు. "నీకు అనుమానం రాలేదా?"

"వచ్చిందండి."

"ఎప్పుడు?"

"మీరు చెప్పిన కాసేపటికే."

"మరి?"

నాకు జవాబు తెలుసు, చెప్పడానికి సిగ్గేసింది. "మీరు పెద్దవారు కదండీ. మీకు తెలియకుండా చెప్తారా అని."

ఆమె నన్ను చూశారు. కోపంతో కాదు, కొత్త లెక్కను చూసినట్టు. "అయితే మనం ఇన్నాళ్ళూ తప్పు రోగానికి మందు వేస్తున్నాం. నీది నోరు రాకపోవడం కాదు, మర్యాద" అన్నారు. తర్వాత మెల్లగా, "నేను సర్వీసులో ఇలాంటివి చెప్పలేదనుకుంటున్నావా? చెప్పాను. ప్రతిసారీ ఎవరో ఒక పైలట్ 'కన్ఫర్మ్', అంటే మీరన్నది అదేనా, అని అడిగాడు. అందుకే పెన్షన్ తీసుకుంటూ హాయిగా నిద్రపోతున్నాను. నువ్వు నన్ను అడగకపోవడం గౌరవం కాదమ్మా. నన్ను ఒంటరిగా వదిలేయడం" అన్నారు.

ఆ తర్వాత రెండు రోజులు నేను ప్రతిదానికీ కన్ఫర్మ్, కన్ఫర్మ్ అని ప్రాణం తీశాను. మూడో రోజు తలుపు కొంచెం తెరిచి తల బయటపెట్టి, "అన్నీ అడిగితే ఏదీ అడగనట్టే. గీరుకున్నప్పుడు అడుగు" అని మళ్ళీ తలుపేసుకున్నారు.

నెల కాగానే స్కూలుకు వెళ్ళాను. ఒంటరిగా ఎగరనిచ్చారు. కొన్నాళ్ళకు ఒక ఉదయం, దిగడానికి వస్తుండగా, టవర్ నుంచి అనుమతి వినిపించింది. మాటల మధ్య ఇంకెవరో మైకు నొక్కినట్టున్నారు, విమానం పేరు సగమే అందింది. మా స్కూల్లో రెండు విమానాల పేర్లకు చివరి అక్షరం ఒక్కటే తేడా. ఆ సగం పేరు నాదీ కావచ్చు. రన్‌వే ఎదురుగా ఉంది, వరసలో నా వంతే అనుకుంటున్నాను. పాత నేనైతే దిగిపోయేదాన్ని. లోపల గీరుకుంది. బటన్ నొక్కి, ఆ అనుమతి నాకేనా అని అడిగాను.  తర్వాత చకచకా జవాబు: నీకు కాదు, పైకి లే. విమానం ముక్కు పైకెత్తి పక్కకు జరిగాక చూస్తే, నా కిందుగా, కొంచెం ముందుగా, ఇంకో విమానం తెల్లటి రెక్కలు రన్‌వే వైపు వాలుతున్నాయి. అంతసేపూ అది నా ముక్కు చాటున ఉంది.

మళ్ళీ చుట్టు తిరిగి వచ్చి, నా వంతుకు దిగాను. గొంతు వణకలేదు. ఫోన్ చేసి చెప్తే కామేశ్వరి గారు భేష్ అనలేదు. ఎంత ఎత్తులో ఉన్నావు, గాలి ఎటు, ఆ కంట్రోలర్ జవాబివ్వడానికి ఎంతసేపు పట్టింది అని అడిగి అడిగి, చివరికి, "పాపం ఆ పిల్లాడెవరో. ఇవాళ వాడికి నువ్వు చాలా మేలు చేశావు" అన్నారు. నా ప్రాణం సంగతి ఆమెకు తట్టలేదనుకుని చిన్నబుచ్చుకున్నాను. తర్వాత మాస్టారు చెప్పారు, ఫోన్ పెట్టేశాక ఆవిడ ఆ పూట అన్నం తినలేదని.

ఎయిర్‌లైన్స్‌లో ఉద్యోగం వచ్చాక వెళ్ళి కలిశాను. అప్పటికే ఒంట్లో బాగుండటం లేదు. మంచం మీద దిండుకు ఆనుకుని, నేను తెచ్చిన స్వీటు పక్కన పెట్టేసి ప్రశ్నలు మొదలుపెట్టారు. అన్నేళ్ళ సర్వీసులో ఒకటి రెండుసార్లు ఆమెను కాక్‌పిట్‌లో కూర్చోబెట్టారట, అదీ అతిథిలాగా. తన మాట అక్కడ పడ్డాక లోపలి మనిషి ఏం చేస్తాడో ఎన్నడూ సరిగా తెలియలేదన్నారు. దిక్కు మారమంటే ముందు ఏ చెయ్యి కదులుతుంది? ఇద్దరిలో ఎవరు మాట్లాడతారు? చెప్పింది నచ్చకపోతే మమ్మల్ని తిట్టుకుంటారా? నేను దిండు మీద వేళ్ళతో మీటలన్నీ గీసి చూపించాను. ఆమె కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా మెరిశాయి.

"మరి స్టాండ్‌బై అంటే? ఆగు, తర్వాత మాట్లాడతానంటే? కోపం వస్తుందా?"

"నిజం చెప్పమంటారా? వస్తుందండి. మమ్మల్ని గాల్లో వదిలేసి ఏం చేస్తున్నారా అనిపిస్తుంది."

ఆమె తల ఊపారు, చాలాకాలంగా అనుకుంటున్నదే విన్నట్టు. "ఎవరినో దించుతూ ఉండేదాన్నమ్మా. ఆ మాట చెప్పడానికి కూడా వ్యవధి ఉండేది కాదు."

పోయిన ఏడాది ఆమె పోయారు. నేను ఆ సమయానికి వేరే ఊళ్ళో, గాల్లో ఉన్నాను. ఆమె దగ్గర నేర్చుకున్నది అడగడమే అనుకునేదాన్ని చాలాకాలం. అది నిజమే, రోజూ అన్నం పెడుతోంది. కానీ ఇప్పుడు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ చివరి మాట. స్టాండ్‌బై అని వినిపించి రేడియో మూగబోయినప్పుడు, నా వేలు మైకు బటన్ మీదికి పోదు. వాళ్ళు ఇప్పుడు ఎవరి సంగతి చూస్తున్నారో అని చెవి పెడతాను. ఒక్కోసారి తెలుస్తుంది, లోపల ఎవరికో గుండెనొప్పి వచ్చిన విమానమో, వానలో రన్‌వే వెతుక్కుంటున్నదో. చాలాసార్లు తెలియదు. మార్కెట్‌లో ఉన్న నాన్న ఫోన్ ఎత్తకపోయినా ఈ మధ్య నాకు విసుగు రావడం లేదు. ఎవరివో గెలలు సర్దుతూ ఉండి ఉంటాడు. కాసేపాగి చేస్తాను.