తాళం వేసిన ల్యాబులో ఐసు కొట్టిందెవరు?

ఇది కట్టుకథ అనుకునేవాళ్ళు ఇప్పుడే వెళ్ళి పడుకోండి. నాకేం కోపం లేదు. నేను ఏలూరులో జువాలజీ చెబుతాను. దెయ్యాల మాట ఎత్తిన పిల్లల్ని క్లాసులో ఏడిపించే రకం. అలాంటి నేను మా అమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను... ఆ రాత్రి జరిగింది జరిగినట్టే.

తాడేపల్లిగూడెం అవతల ఒక కాలేజీలో వర్క్‌షాప్. ఒంట్లోని కణాలు అతి చిన్న బుడగల్ని బయటికి వదులుతాయి. ఒక కణం కబురు ఇంకో కణానికి మోసుకెళ్ళేవి అవే. ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అంటారు. వాటిని వేరుచేయడం మాలాంటి కొత్తవాళ్ళ చేత దగ్గరుండి చేయించేవారు సుభద్రగారు. పిపెట్‌తో చుక్క సరిగ్గా కొలవలేని నాకు, ఒక్కసారి కూడా విసుక్కోకుండా నేర్పారు. ఆవిడ రుణం తీర్చుకోలేనిది.

నా శాంపిళ్ళు చేప రక్తంలోంచి తీసినవి. కొల్లేరు పక్కన మా బాబాయి చెరువులో చేపలు ఎందుకు చనిపోతున్నాయో తెలుసుకోవాలని నా తపన. ఆ చేపలు తెచ్చాక చెరువు ఎండగట్టేశారు. ఆ ట్యూబులు పోతే ఇక అంతే, మళ్ళీ దొరకవు. ఆఖరి రాత్రి వాటిని ఫ్రిజ్‌లో పెట్టి హాస్టల్‌కు వెళ్ళాను. పొద్దున్నే వాటిలోని బుడగల్ని మిషన్‌లో చూడాలి.

నడిరాత్రి మెలకువ వచ్చేసరికి ఈదురుగాలి. కుంభవృష్టి. కరెంటు లేదు. ఫ్యాను ఎప్పుడు ఆగిందో ఏమో. జనరేటర్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఫ్రిజ్! వాచ్‌మన్ సత్యంగారిని లేపి ల్యాబుకు పరిగెత్తాను.

వరండాలో... చప్పుడు.

ధబ్... ధబ్... ఆ తర్వాత కరకరమని.

ఆగిపోయాను. ఆ చప్పుడు నాకు తెలుసు. చేపలు లోడు చేసే రోజున ఐసు దిమ్మను గోనెసంచిలో వేసి కర్రతో కొడతారే... అదే. వస్తున్నది ల్యాబు లోపలి నుంచి. తలుపుకు తాళం వేసే ఉంది.

"సత్యంగారూ... లోపల ఎవరండీ?"

"ఎవరుంటారండీ మేడంగారూ? సాయంత్రం తాళం నేనే వేసేనండి."

"మరి ఆ చప్పుడు?"

ఆయన తాళంచెవీ టార్చీ నా చేతిలో పెట్టారు.

"మీరు ముందు పదండి. ల్యాబు మీది కదండీ."

ఇప్పుడు నవ్వొస్తోంది గానీ, అప్పుడు ఏడుపొచ్చింది.

తాళం తిప్పాను. చప్పుడు ఆగింది.

లోపల ఎవరూ లేరు. కిటికీలు మూసే ఉన్నాయి. బల్లల కింద చూశాను... లేరు. ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంది. అరలు ఖాళీ. అప్పుడు... టార్చి వెలుగు బల్ల మీద పడింది. నేను చేపలు తెచ్చిన థర్మాకోల్ పెట్టె, కడిగి ఆరబెట్టింది. మూత మెల్లగా... ఎత్తాను.

పైన ఊక. వరి ఊక. బయట అంత వాన కురుస్తుంటే, పొడిపొడిగా. వేళ్ళతో పక్కకు తప్పించాను. కింద ఐసు ముక్కలు, అప్పుడే కొట్టినవి. మధ్యలో కవరులో చుట్టి, మూతలు పైకి పెట్టి... ట్యూబులు. నావే కాదు, అందరివీ. కొల్లేరు వైపు ఐసు కరగకుండా ఊక కప్పి చేపల్ని సర్దే తీరే అది. ల్యాబులో ఐసు మిషన్ ముందు నుంచే చెడిపోయి ఉంది. ఊకంటారా, ఆ కాలేజీలో అది ఎక్కడుంటుంది చెప్పండి?

పొద్దున అందరినీ అడిగాను. ఎవరూ గది దాటలేదన్నారు. ఇంకో తాళంచెవి ప్రిన్సిపాల్‌గారి దగ్గర ఉంది, ఆయన ఊళ్ళోనే లేరు. సుభద్రగారు ఊకను వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఎవరైతేనేమండీ, మీ కష్టం దక్కింది," అన్నారు. కరెంటు వచ్చాక శాంపిల్ మిషన్‌లో పెట్టారు. నల్లటి తెర మీద చుక్కల్లా ఆ బుడగలు... లెక్కలేనన్ని, మెరుస్తూ, కదులుతూ. అందరి ముందే ఏడ్చేశాను.

భయం లేదా అంటే ఉంది, ఇప్పటికీ. కానీ దానికంటే కృతజ్ఞతే ఎక్కువ. ఇప్పుడు ఏటా ఆ వర్క్‌షాప్‌కు వెళ్ళి, అదే ల్యాబులో కొత్తగా వచ్చినవాళ్ళకు నేనూ నేర్పుతున్నాను. సాయంత్రం అందరూ బయటికి వచ్చాక, ఖాళీ గదిలోకి చూసి "వెళ్ళొస్తానండీ" అని చెప్పి తలుపు వేస్తాను. వాళ్ళు నవ్వుతారు. నవ్వనీండి. ఎవరికి చెబుతున్నానో నాకూ తెలియదు.