పరుపు మీద గుర్రం

గుర్రపుశాలలో ఆమెను అందరూ నిదానమ్మ అనేవారు. మొదట్లో అది వెక్కిరింపే. మిగతావాళ్ళు గదుల్లో గడ్డి పరిచేసి టీకి వెళ్ళిపోతే, ఆమె ఇంకా మొదటి గదిలోనే గడ్డిని వేళ్ళతో విడదీస్తూ, ఆ పచ్చి వాసనలో ఎక్కడికో వెళ్ళిపోయి ఉండేది. "ఈమెకి చెప్పడమూ, దున్నపోతు మీద వాన కురవడమూ ఒకటే" అని స్వారీ నేర్పే మాస్టారు విసుక్కునేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. కోపం రావడానికి కూడా ఆమెకు కొంత వ్యవధి కావాలి. అది వచ్చేసరికి సంగతి పాతబడిపోయేది.

పెళ్ళయిన కొత్తలో, గడ్డి వ్యాను నడిపే భర్త వెంట ఆమె ఈ పనిలోకి వచ్చింది. విచిత్రమేమిటంటే ఆయనకు గుర్రాలంటే చచ్చేంత భయం. ఏళ్ళ తరబడి వాటికి మేత మోస్తున్నా గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టి ఎరుగడు. మోపులు గుమ్మంలో దించి, "వాటి తిండి వాటికి, నా ప్రాణం నాకు" అంటూ వెనక్కి తిరిగేవాడు. ఆమె సంగతి వేరు. గుర్రం పక్కన కాసేపు నిలబడితే చాలు, ఆ వెచ్చటి ఊపిరికి ఒళ్ళంతా మగత కమ్మేది.

ఒక వానాకాలం, బూడిద అని పిలిచే ఆడగుర్రం మైదానం పక్క కాలవలో జారిపడింది. ఎముకలు విరగలేదు కానీ నడుము దగ్గర నరం దెబ్బతింది. వెనక ఎడమకాలు ఎక్కడ పడుతోందో దానికే తెలిసేది కాదు. మలుపు తిరిగితే ఒరిగిపోయేది. నిలబడి నిలబడి ఉన్నట్టుండి ఉలిక్కిపడి గోడకు ఆనుకునేది. పరుగులో గాలితో పందెం వేసిన గుర్రం, తన కాళ్ళ కింది నేలనే నమ్మలేక, కళ్ళు పెద్దవి చేసుకుని రోజంతా మూల నిలబడేది.

"గుడ్డి గుర్రానికైనా దాణా తప్పదంటారు. దీన్ని ఎన్నాళ్ళు మేపుతాం? ఎక్కడికైనా పంపించేద్దాం" అన్నాడు మాస్టారు. నిష్ఠూరంగానే అన్నాడు కానీ, అంటున్నప్పుడు దాని మొహం వంక చూడలేకపోయాడు.

పశువైద్యురాలు మోకాళ్ళ మీద కూర్చుని ఆ కాలంతా తడిమి చూసింది. "తొందరపడకండి మాస్టారూ. నరం మెల్లగా కోలుకోవచ్చు. ఈలోగా ఒంటికి నిలకడ మళ్ళీ నేర్పాలి, పసిపిల్లకి నడక నేర్పినట్టు. రోజూ కొంచెం కొంచెం. విసుక్కోని మనిషి ఒకరుండాలి."

మాస్టారు ఆలోచించనే లేదు. "విసుగు తెలియని మనిషి మా దగ్గర ఒకరే ఉన్నారు. ఏమ్మా నిదానం, ఇలా రా."

డాక్టరమ్మ దగ్గరుండి చూపించింది. గుర్రం పక్కన నిలబడి తోకను తనవైపు నెమ్మదిగా లాగాలి. గుర్రం పడిపోకుండా ఒంటిని బిగబట్టుకుంటుంది. ఆ బిగువు చేతికి తెలిశాక, అంతకంటే నెమ్మదిగా వదలాలి. క్యారెట్ ముక్క ఆశపెట్టి మెడను డొక్కదాకా తిప్పించాలి. నేల మీద పరిచిన కర్రలు దాటించాలి, వెనక్కి నడిపించాలి. వీటన్నిటికంటే ముందు, మెత్తటిదాని మీద నిలబెట్టాలి. "కింద మెత్తగా కదులుతుంటే ఒళ్ళు తనంతట తానే సర్దుకోవడం మొదలుపెడుతుంది అక్కా. మనం చెయ్యాల్సింది పక్కన ఉండటమే."

మెత్తటిది ఎక్కడిది? నిదానమ్మ ఇంటికి వెళ్ళి తమ పాత స్పాంజి పరుపును చుట్టచుట్టింది.

"ఏమే, అది ఎక్కడికి?" అన్నాడు భర్త.

"బూడిదకి."

"మరి నేనెక్కడ పడుకోవాలి?"

"చాప ఉంది కదండీ. మీకు నిలబడటం వచ్చుగా, దానికి రాదు."

ఆయన చివరికి పరుపు వ్యానులోకి ఎక్కించాడు. "లోకంలో పెళ్ళాం పరుపు లాక్కుంటే మొగుడు అలుగుతాడు. గుర్రం లాక్కుంటే ఎవరితో చెప్పుకోను?" అని దారంతా గొణిగాడు.

ఆ పరుపును ముక్కలు కోసి, పొద్దున్నే మంచు విడవని వేళ శాల వెనక పరిచింది. బూడిద దాన్ని వాసన చూసి, ముక్కు బుర్రుమనిపించి వెనక్కి తగ్గింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నిదానమ్మ బలవంతపెట్టలేదు. చెప్పులు విడిచి తనే పరుపు ఎక్కి నిలబడింది. పాదాల కింద నేల లేనట్టుంది. మంచులో చెట్లు సగం నుంచే మొదలవుతున్నాయి. ఒళ్ళు కాస్త ఇటు, కాస్త అటు, నీళ్ళ మీద ఆకులా ఊగింది. కళ్ళు మూసుకుంది. ఎంతసేపు అలా ఉందో తెలియదు. భుజం మీద వెచ్చటి ఊపిరి తగిలి కళ్ళు తెరిస్తే, ఆమె పాదాల పక్కనే ఒక గిట్ట మెత్తగా దిగబడి ఉంది. కాసేపటికి రెండోది వచ్చింది.

ఇద్దరూ ఊగారు. గుర్రం ఒంట్లో ఒక చిన్న వణుకు మెడ నుంచి నడుముదాకా పాకి ఆగిపోయింది. దాని కనురెప్పలు బరువెక్కాయి, కింది పెదవి వేలాడింది. పడిన నాటి నుంచి అది అంత నెమ్మదించి నిలబడటం అదే మొదలు.

ఆపైన రోజులు ఒకదాన్నొకటి తోసుకోకుండా వచ్చాయి. తోక లాగడం, వదలడం. కర్ర దాటడం, ఆగడం. ఆమె ఇంట్లో పొయ్యి ముందు నిలబడి కూడా ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకునేది. "పడవలో ఉన్నావా, వంటింట్లో ఉన్నావా?" అని భర్త నవ్వేవాడు. కలలో ఆమెకు ఎప్పుడూ ఒకటే కనిపించేది: నీళ్ళలా కదిలే మైదానం, దాని మీద మునగకుండా నడిచే బూడిద.

ఒకరోజు మాస్టారు శాల చూడటానికి వచ్చిన నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. "చూపించమ్మా, ఎంత బాగుపడిందో." అందరి కళ్ళూ మీద పడేసరికి నిదానమ్మకు ఏమైందో, ఎన్నడూ లేని తొందర పుట్టింది. బూడిదను గబగబా వెనక్కి నడిపించింది. ఎడమకాలు కర్రకు తగిలింది. గుర్రం నడుము విరిగినట్టు కూలబడి, లేవబోయి, మళ్ళీ పడింది. లేచాక ఆమెకు దూరంగా జరిగి నిలబడింది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు.

ఆమె ఇంటికొచ్చి చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు పనికి పోలేదు. ఆ తర్వాతా పోలేదు. భర్త టీ తెచ్చి పక్కన పెట్టి కూర్చున్నాడు.

"నా వల్లే పడింది" అందామె.

"పడితే పడింది. లేచిందిగా?"

"నన్ను చూసి జరిగిపోయిందండీ."

"జరగదా మరి? నీ మీద నమ్మకం కొద్దీ వచ్చింది, నువ్వు మాస్టారు కోసం పరిగెత్తించావు. నువ్వు కూడా తొందరపడితే ఇంకెవరికుంటుందే నిదానం? లే. చన్నీళ్ళతో మొహం కడుక్కో."

ఆమె వెళ్ళింది. రోజంతా బూడిద గదిలో ఒక మూల కూర్చుంది, దాని వంక చూడకుండా. సాయంత్రానికి బూడిద వచ్చి ఆమె జుట్టును పెదవులతో కదిపింది. తెల్లవారి మళ్ళీ పరుపు దగ్గర నుంచి మొదలుపెట్టారు.

చలికాలం వచ్చేసరికి బూడిద శాల వెనక వాలు ఎక్కడం నేర్చుకుంది. ఎక్కడం కంటే దిగడం కష్టం. ఒక్కో అడుగూ వేసి, ఆలోచించి, మరో అడుగు వేసేది. డాక్టరమ్మ చూసి ముచ్చటపడింది. "ఇక వీపు మీద కొంచెం బరువు అలవాటు చెయ్యాలి. తేలికైన మనిషి కావాలి, కదలకుండా కూర్చునే మనిషి."

మాస్టారు తన పొట్ట చూసుకుని నవ్వాడు. అందరూ నిదానమ్మ వైపు తిరిగారు.

"నేనా? నాకు రాదు డాక్టరమ్మా. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎక్కలేదు."

"తాడు ఎవరైనా పట్టుకుంటే చాలక్కా."

"నేను పట్టుకుంటా" అని గుమ్మం దగ్గర నుంచి వినిపించింది. భర్త. మోపు దించి, జీవితంలో మొదటిసారి గుమ్మం దాటాడు. తాడును రెండు చేతులా అందుకున్నాడు. బూడిద ఆయన చొక్కా వాసన చూసింది. గడ్డి వాసనే కాబట్టి పేచీ పెట్టలేదు.

జీను లేకుండా, ఒక దుప్పటి మీద ఆమెను కూర్చోబెట్టారు. ఒక్క అడుగు పడగానే ఆమె ఒళ్ళు కుడికి ఒరిగింది. కేక వేయబోయింది. ఆ క్షణంలో కింద గుర్రం వీపు మెల్లగా కుడికి జరిగి, ఆమెను మళ్ళీ మధ్యకు తెచ్చింది. ఇంకో అడుగు. ఎడమకు ఒరిగితే ఎడమకు. ఆమె కాళ్ళ బిగువు వదిలింది, భుజాలు వదిలింది. తాడు చివర ఒక భయస్తుడు, దేవుడిని తలుచుకుంటూ నడుస్తున్నాడు. పొగమంచు మెడదాకా ఉంది. నేల ఎక్కడుందో కనిపించలేదు, కనిపించాల్సిన అవసరమూ లేకపోయింది.

ఆ కాలు పూర్తిగా బాగుపడలేదు. బూడిద మళ్ళీ పరుగెత్తలేదు. మాస్టారు దాన్ని పంపించెయ్యాలని మళ్ళీ అనలేదు. కొత్తగా స్వారీకి వచ్చి భయపడేవాళ్ళను ముందు దాని మీదే కూర్చోబెట్టేవాడు. దెబ్బతిన్న గుర్రాలు వేరే చోట్ల నుంచి కూడా నిదానమ్మ దగ్గరికి రాసాగాయి. పొద్దున పూట, మంచున్నప్పుడు, ఆమె ఇప్పటికీ బూడిదనెక్కి వాలు మీదికి వెళుతుంది. తడి మట్టిలో మూడు గిట్టల గుర్తులు, నాలుగో కాలు గీసిన ఒక సన్నటి గీత, వాటి పక్కనే భర్త చెప్పుల జాడ.