మూత మీద బొటనవేలు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే తగువు పెట్టుకునే రకం నేను. బడికి పోయింది మూడో క్లాసు దాకానే. ఆ తర్వాత పొట్లాల కాగితాలు చదివి, మిషను పుస్తకాలు చదివి, బుర్రతో బతికినవాణ్ణి. ఇది చదివి ముసలాడి చాదస్తం అనేవాళ్లు ముందు నేను నడిపిన మిషను ఎలా పనిచేస్తుందో తెలుసుకుని మాట్లాడండి.

తొంభైల మధ్యలో సముద్రం ఒడ్డున తిరువొత్తియూరులో ఒక ప్లాస్టిక్ కంపెనీలో డబ్బా మూతలు పోసేవాణ్ణి. పైన గరాటులో బియ్యపు గింజల్లాంటి ప్లాస్టిక్ గుళికలు పోస్తాం. అవి వేడి గొట్టంలోకి దిగి కరుగుతాయి. లోపల తిరిగే పెద్ద స్క్రూ ఆ పాకాన్ని ముందుకు తోసి, గట్టిగా మూసుకున్న రెండు ఉక్కు దిమ్మెల మధ్య సందులోకి ఎక్కిస్తుంది. ఆ ఉక్కునే మేం డై అంటాం. దాని లోపల చన్నీళ్లు పారుతుంటాయి. పన్నెండు లెక్కపెట్టేసరికి మూత గట్టిపడుతుంది, డై తెరుచుకుంటుంది, మూత కింద పడుతుంది. డై మీద వెంట్రుకంత గీత పడినా అది ప్రతి మూత మీదా వస్తుంది. ఒకదాని మీద వచ్చి తర్వాతిదాని మీద రాకపోవడమన్నది ఉండదు. ఇది గుర్తుపెట్టుకోండి.

నా పక్క బల్ల దగ్గర మా ఆవిడ సరోజ కూర్చునేది. మూత అంచున మిగిలిన ప్లాస్టిక్‌ను బ్లేడుతో కోసి, నడిమధ్యన ఎడమ బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి గోతంలో వేసేది. మెత్తగా తగిలితే నా మీదికే విసిరేది.

"ఏందయ్యా, ఇది ఇంకా పచ్చిగా ఉండాది. ఇంకో రెండంకెలు లెక్కబెడితే నీ సొమ్మేం పోతాది?"

"పోయి ఓనరుతో చెప్పుకో."

"ఆయన్ని కట్టుకున్నానా నేను? నిన్ను గదా!"

ఆ బొటనవేలికి ఒకసారి బ్లేడు దిగి, ఏటవాలు మచ్చ ఉండిపోయింది.

కామెర్లతో ఆమె పోయింది. ఒక్క ఫోటో లేదు. పురసవాక్కంలో స్టూడియోకు పోదామని ఎన్నిసార్లన్నా "ఈ మొహానికి ఫోటో ఒకటా" అని నవ్వేసేది. మిగిలిందల్లా ఆసుపత్రి కాగితం మీద వేసిన ఎడమ బొటనవేలి ముద్ర. ఆరు నెలలు తిరిగేసరికి, కళ్లు మూసుకుంటే గొంతు వచ్చేది, ముఖం వచ్చేది కాదు. ఆ బాధ పగవాడికి కూడా వద్దు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. మళ్లీ మొదలుపెట్టే ముందు డై నేనే గుడ్డతో తుడిచాను. సముద్రపు గాలికి తుప్పు పడుతుందని రోజూ తుడిచేదే. నా ముఖం కనపడేంత నున్నగా ఉంది. నాలుగో మూతో ఐదో మూతో చేతిలోకి తీసుకుంటే నడిమధ్యన గరుకు తగిలింది.

బొటనవేలు. ఏటవాలు మచ్చతో సహా.

వేడి మూతను ఎవరో నొక్కారని మీరంటారు. నొక్కితే గుంట పడాలి. ఇది ఉబ్బెత్తుగా ఉంది. తర్వాత ఇంటికి పోయి ఆసుపత్రి కాగితంతో పోల్చి చూశాను. కాగితం మీద మచ్చ అద్దంలోలాగా తిరగబడి ఉంది. మూత మీద మాత్రం ఆమె వేలి మీద ఎటు వాలి ఉండేదో అటే వాలి ఉంది. అంటే అది ముద్ర కాదు, వేలే. అలా రావాలంటే ఎవరో మైనంలో నొక్కినట్టు ఆ ఉక్కులో వేలు నొక్కి ఉండాలి. మూత చేతికొచ్చినప్పుడే, మిషను దగ్గరే, డై మళ్లీ చూశాను. నున్నగా ఉంది. తర్వాతి మూతా నున్నగానే వచ్చింది.

పాడైన మూతల్ని గ్రైండర్లో పొడి చేసి మళ్లీ కరిగిస్తారు. డిప్లొమా చదివిన మా సూపర్‌వైజరు వచ్చి చెయ్యి చాపాడు.

"ఆడ గాలి ఇరుక్కోని ఉండాదన్నా, అంతే. గ్రైండర్లో ఎయ్యి."

"గాలికి వేలిముద్రలు ఉంటాయా సామీ?"

"వదిన పోయినకాణ్ణుంచి నీకు అన్నీ ఆమె మాదిరే కనబడతా ఉండాయి. ఇట్లా ఇయ్యన్నా."

ఇవ్వలేదు. జేబులో వేసుకున్నాను. ఆ కంపెనీ నుంచి నేను ఎత్తుకొచ్చిన సొత్తు అదొక్కటే.

ఆ సాయంత్రం రైల్లో కూర్చుని, ఆ ఉబ్బు మీద నా వేలు ఆన్చాను. సరోజ ముఖం వచ్చింది. ముక్కుపుడకతో సహా.

అప్పట్నుంచి ముఖం జారిపోతున్నట్టు అనిపించినప్పుడల్లా వేలు ఆన్చేవాణ్ణి. ఇన్నేళ్లూ. ఉబ్బెత్తు గీతలు ఎన్నాళ్లు నిలుస్తాయి? మొదట సన్నగీతలు పోయాయి, తర్వాత మచ్చ. ఇప్పుడది వట్టి నున్నటి మూత. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. నమ్మనంటే ఈ ఒక్క విషయంలో మీతో తగువు పెట్టుకోను.

ఆ ఉక్కులోకి ఆమె వేలు ఎలా వచ్చిందో, ఒక్క మూతకే ఎందుకు వచ్చి పోయిందో నాకు ఈనాటికీ అంతుపట్టదు. మూత మీద నుంచి దాన్ని అరగదీసింది మాత్రం నేనే.