కొబ్బరి చిప్పల్లో స్వీట్ పీ

నేను బడికి వెళ్ళింది మూడో తరగతి వరకే. తరవాతి చదువంతా లైబ్రరీ బీరువాల్లోంచి తెచ్చుకున్నదే. స్వరాజ్యం వచ్చిన మూడో ఏడు, రాజోలు దగ్గర అత్తవారింట్లో ఉండగా, ఇంగ్లీషులోంచి తెలుగు చేసిన తోటపని పుస్తకం ఒకటి దొరికింది. అందులో స్వీట్ పీ అనే పువ్వు గురించి రాశారు. బఠాణీ జాతి తీగ, లేత గులాబీ, ఊదా రంగు రేకులు, తేనె వాసన. బెంగుళూరు విత్తనాల కంపెనీకి కార్డు రాసి ఇరవై గింజలు తెప్పించుకున్నాను.

చుట్టూ కొబ్బరి నీడే. పెరట్లో ఎండ తగిలే జాగా ఒక్కటే, అది అత్తగారి చిక్కుడు పాదుది.

"కూరకొచ్చే బఠాణీయేనా?" అని అడిగేరావిడ.

"కాదండి. ఆ కాయలు తినకూడదటండి. పువ్వు కోసమే."

"తినని బఠాణీ కోసం నా చిక్కుడు పాదు తీసెయ్యాలా? సరే, వేసుకో. పుయ్యలేదా, ఇంక లైబ్రరీ గడప తొక్కకూడదు. ఒప్పుకుంటావా?"

"ఆయ్," అనేశాను.

శరదృతువులో విత్తమని పుస్తకంలో ఉంది. పంచాంగం చూసుకుని, ఆశ్వయుజం రాగానే పది గింజలు నానబెట్టి పాతేశాను. ఆ నెలలో మా వైపు వానలెలా పడతాయో నాకు తెలియదా? తెలుసు. అయినా అచ్చులో చూశాక ఆకాశం వంక చూడలేదు. మూడో రోజు ముసురు పట్టి వారమైనా వదల్లేదు. మట్టి తీస్తే గింజలు కుళ్ళిపోయి ఉన్నాయి.

"తెలిసిందిగా నీ పుస్తకం పసేంటో! ఇంక ఇంట్లో కూర్చో," అన్నారు అత్తగారు, పక్కింటికి వినపడేలా.

నాకు మండిపోయింది. "చదివినందుకు కాదండి కుళ్ళింది, సగమే చదివినందుకు. మిగతా సగం చదవడానికే వెళ్తున్నాను," అని తాటాకు గొడుగు తీసుకుని ఆ వానలోనే బయల్దేరాను. తిరిగి ఇచ్చేసిన పుస్తకం మళ్ళీ తీయించాను. నేను దాటేసిన పేజీలోనే ఉంది: ఇదంతా చలిదేశపు లెక్క, వేడి దేశాల్లో వానలు వెనకబట్టాకే విత్తాలి, నీరు నిలిస్తే గింజ బతకదు.

నేను లైబ్రరీ మానలేదు.

కార్తీక పున్నమి వెళ్ళాక నీరు దిగిపోయేలా కొబ్బరి చిప్పలకి కన్ను పొడిచి, ఇసుకా మట్టీ కలిపి, మిగిలిన పది గింజలూ వేసి చూరు కింద పెట్టాను. ఏడు మొలిచాయి. కాస్త ఎదిగాక, పుస్తకం చెప్పినట్టు కొనలు తుంచాను. "పసిమొక్కల పీక నులుముతోంది," అని గొణిగారావిడ. ఆ ఎండ జాగాలోనే ఎత్తుగా మడి కట్టి నాటి, పాకడానికి కొబ్బరి ఈనెలు గుచ్చాను.

మాఘమాసంలో ఊదా రంగు పువ్వు విచ్చింది. అత్తగారు వంగి, చాలాసేపే వాసన చూశారు.

"దేవుడికి పెట్టొచ్చో లేదో పంతులుగారిని అడగాలి. సరే, గెలిచేవు. లైబ్రరీకి వెళ్ళు, నేనేం అనను."

"పూసిందని వెళ్ళడం లేదండి అత్తయ్యగారూ. పుయ్యకపోయినా వెళ్దును. అసలు ఆ పందేనికి ఒప్పుకోవడమే నా తప్పు."

ఆవిడ మొహం ముడుచుకుపోయింది. సాయంత్రం నేను కొత్త పుస్తకంతో వస్తుంటే మాత్రం అరుగు మీంచే అడిగేరు.

"ఇది దేని గురించి?"

"పాముల గురించండి."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! వాటినీ పెరట్లో పెంచుతావేటే?"

"చెప్పలేనండి. ఇంకా చదవాలి కదా."