జేబెజ్ థర్లో చెప్పే దారి

మా వెల్డన్ ఊళ్ళో జేబెజ్ థర్లో సత్రంలో ఆపిల్ సారా మంచిది, చిక్కుళ్ళ కూర మంచిది, పక్కల్లో నల్లులు కూడా మర్యాదస్తులే. ఆయన్ని దారి మాత్రం అడక్కూడదు. ఇరవై ఏళ్ళుగా సత్రం నడుపుతున్నాడు. ఈ మూడేళ్ళలో ఒక్క మనిషికి సరైన దారి చెప్పిన పాపాన పోలేదు.

బోస్టన్‌కి ఎటని అడిగితే గుమ్మం ముందు బోర్డు కింద నిలబడి గడ్డం గోక్కునేవాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఇంగ్లండు రాజుగారి ముఖం మీద రంగు పూయించి, మూడు పావురాలు గీయించిన బోర్డు అది. "తిన్నగా గుట్టెక్కండి" అనేవాడు. ఆల్బనీకి? "గుట్టెక్కండి." బోస్టన్ తూర్పున, ఆల్బనీ పడమట. గుట్ట ఉన్నది ఉత్తరాన!

సత్రానికి ఎదురుగానే నా కమ్మరి కొలిమి. ఉండబట్టలేక అరిచేవాణ్ణి. "ఏమయ్యా జేబెజ్, నువ్వసలు ఈ ఊళ్ళోనే పుట్టావా?"

"పుట్టడమేంటి ఈనోస్, నీ పెళ్ళినాడు నిన్ను మీ అత్తారింటికి తీసుకెళ్ళింది నేనేగా!"

"తీసుకెళ్ళావు, నన్ను గుర్రం మీంచి రెండుసార్లు పడేసి!"

కొత్త పాదిరీగారు మొదటి ఆదివారమే ఆయన్ని మందిరానికి దారి అడిగారు. ఊరంతా రెండు గంటలు మందిరంలో, రాని పాదిరీగారి కోసం నోరుమూసుకు కూర్చున్నాం. అంత మంచి ప్రసంగం ఎన్నడూ వినలేదంది మా ఆవిడ.

చివరికి ఒక జడ్జీగారినే పంపాడు. గుర్రం కడుపు దాకా బురద! మా ఊరి పెద్ద డీకన్ స్టిక్నీ మండిపడుతూ కొలిమికొచ్చాడు. "ఈనోస్, ఆ గుట్టదారి చూసొచ్చి ఊరి సభలో సాక్ష్యం చెప్పు. సత్రం మూయించేస్తాను."

వెళ్ళాను. గుట్టమీద ఒకటే ఇల్లు. రంగు ఎరగని పాత చెక్క గోడలు, ఇంటికన్నా పెద్ద పొగగొట్టం. తలుపు తీసే ఉంది. కెజాయా అవ్వ ఇల్లది. చూపు పోయాక ఆవిడ గుట్ట దిగలేదు. వెళ్ళి చూడాలి, చూడాలి అనుకుంటూనే నేను మూడేళ్ళు గడిపేశాను.

"దారి తప్పావా నాయనా? రా, మొక్కజొన్న రొట్టె వేడిగా ఉంది. ఎక్కడికెళ్ళాలి?"

సిగ్గేసి గొంతు మార్చాను. "బోస్టన్‌కి."

మలుపు మలుపూ, వంతెన వంతెనా చెప్పింది. తర్వాత కబుర్లు మొదలెట్టింది. పారిస్‌లో గొడవలూ, తిమింగలాల వేటా... మాకు పత్రికల్లో వచ్చే లోపే ఆవిడకి తెలుసు! "నిన్నటాయన పాట పాడాడు. మొన్నటాయన కట్టెలు కొట్టాడు. ఎవరో జడ్జీగారట, పాపం, నీళ్ళు తోడిపెట్టారు."

"జేబెజ్ పంపాడా వీళ్ళని?"

"వాడికి దారులు తెలీవు నాయనా. సరైన దారి చెప్పడానికి నేనున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ జనం ఏమైపోదురు! వాడితో అనకు, చిన్నబుచ్చుకుంటాడు." రొట్టె నా చేతిలో పెట్టి, "ఇంతకీ మీ ఆవిడ కులాసానా, ఈనోస్?" అంది.

ఒక బండెడు కట్టెలు కొట్టిపెట్టి కిందికొచ్చాను. "ఊళ్ళోవాళ్ళనే వెళ్ళమనొచ్చుగా?" అన్నాను జేబెజ్‌తో.

"అడిగాను. అందరూ వచ్చేవారం అన్నారు. దారి తప్పినవాడు వాయిదా వెయ్యలేడుగా!"

మందిరంలో చలిగా ఉందని సభ ఆ సత్రంలోనే పెట్టారు. జేబెజ్ పోసిన సారా తాగుతూ, జేబెజ్ సత్రం మూయించడం గురించి మాట్లాడుకున్నారు. నేను లేచాను. "గుట్టమీద కెజాయా అవ్వ ఉంది. ఈ మూడేళ్ళలో, దారి తప్పి కాకుండా, కావాలని వెళ్ళి ఆవిణ్ణి చూసొచ్చినవాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఆవిడ సొంత మేనల్లుడు డీకన్ స్టిక్నీ. అతని గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది.

సత్రం నిలిచింది. గుట్టదారికి కంకర పొయ్యాలన్నారు. ఇకమీదట ఎవరూ జేబెజ్‌ని దారి అడిగే పని లేకుండా, కూడలిలో ఇనుప వేలితో దారి చూపే స్తంభం నన్ను చెయ్యమన్నారు.

మర్నాడు జేబెజ్ నిచ్చెన పట్టుకుంటే నేనెక్కాను. బోస్టన్ అని రాసిన వేలిని మెల్లగా గుట్టవైపు తిప్పి బిగిస్తున్నాను. సరిగ్గా అప్పుడే డీకన్ గుర్రం మీద వచ్చి ఆగాడు. నా చేతిలో సుత్తి కదల్లేదు.

ఆయన వేలిని చూశాడు, గుట్టని చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఇంకాస్త పైకి బిగించు ఈనోస్. దూరంనుంచి వచ్చేవాళ్ళకి కనపడొద్దూ!"