బంపరు వెనక పీట

మా వ్యాను వెనక ఏమీ లేకపోయినా సెన్సరు కూస్తోందని చెప్పడానికి మేస్త్రి గారికి ఫోన్ చేశాను. వాళ్ళావిడ ఎత్తి, "ఆయన లేరండీ" అన్నారు. బయటికి వెళ్ళారేమో అనుకుని, ఎప్పుడొస్తారండీ అని అడిగాను. ఆవిడ, ఆయనకి గుండెపోటు వచ్చిందనీ, పోయి తొమ్మిది రోజులైందనీ నిదానంగా, నన్నే ఓదారుస్తున్నట్టు చెప్పారు. నేను అడిగిన ఆ ప్రశ్న ఇంకా నా చెవుల్లోంచి పోలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. ఏలూరులో ఒక సందు చివర, ఇంటి ముందు గదిలోనే షాపు పెట్టుకున్న ఆటో ఎలక్ట్రీషియన్. కార్లకీ వ్యాన్లకీ హారన్లు, లైట్లు, మ్యూజిక్ సిస్టమ్‌లు, ఈ మధ్య వెనక కెమెరాలు బిగించేవారు. అందరూ మేస్త్రి గారనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. వైర్లు బిగించిన మనిషి గురించి స్మృతివ్యాసం రాయడమేమిటని మావారు అడిగారు. రాయకపోతే నాకు ఊపిరాడేలా లేదన్నాను. ఆయన మంచితనం ఎంత చెప్పినా, మధ్యలో నా తప్పు ఒకటి చెప్పకుండా ఈ వ్యాసం పూర్తి కాదు. ఓపిక పట్టండి.

మాది తాడేపల్లిగూడెం. కాలేజీలో లెక్కలు చెబుతాను. ఇంట్లో పెద్దా చిన్నా కలిసి ఎనిమిది మందిమి కాబట్టి, పాత వ్యాను ఒకటి కొన్నాం. మావారికి స్టీరింగు పట్టుకుంటే చెమటలు పడతాయి. అంచేత డ్రైవర్ని నేనే. పెదపాడు దగ్గర మా అత్తవారి ఊరు వెళ్ళినప్పుడల్లా చేపల చెరువు గట్ల మీద వ్యాను వెనక్కి తీయడం ఒక యజ్ఞం. దారి చూపిస్తామని నలుగురు దిగేవారు. ఒకరు రమ్మంటే ఒకరు ఆగమనేవారు. ఇంకొకరు ఏమీ చెప్పకుండా వ్యాను వీపు మీద దబదబా బాదేవారు. ఈ గోల పడలేక కెమెరా పెట్టించుకుందామని మూడేళ్ళ కిందట మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళాను.

ఆయన పని చూస్తూ కూర్చోవడం బాగుండేది. తీసిన ప్రతి స్క్రూనీ ఏ చోట నుంచి తీశారో ఆ వరసలోనే ఒక అట్టముక్కకి గుచ్చి పెట్టేవారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి వెళ్ళాల్సి వస్తే, సగంలో ఉన్న వైర్ల కొసలకి టేపు చుట్టి, పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు పైన గుడ్డ కప్పి వెళ్ళేవారు. ఎవరైనా తొందరపెడితే, "వైరుకి తొందర లేదండీ, తొందరంతా మనదే" అనేవారు. సైడు అద్దాల గురించి ఇంకో మాట ఉండేది. "అద్దం అబద్ధం చెప్పదండీ. చూసేవాళ్ళు చెబుతారు." అది హాస్యమనుకుని నవ్వేదాన్ని.

ఆయన పనిముట్ల పక్కన ఒక చెక్క పీట ఉండేది. జానెడు ఎత్తు, అంచంతా కత్తి గాట్లు. కూర్చుని పని చేసుకోవడానికేమో అనుకున్నాను. పని మాత్రం ఆయన గొంతుక్కూర్చునే చేసుకునేవారు. పీట బయటికి వచ్చేది ఆఖర్లోనే. బండి యజమానిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, రివర్స్ గేరు వేయించి, తాను బంపరు వెనక ఆ పీట వేసుకుని మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవారు. "కనబడుతున్నానా అండీ?" అని అడిగేవారు. కనబడుతున్నారంటే, "పీట కూడా కనబడుతోందా అండీ?" అనేవారు. పీట కనబడిందనే దాకా కెమెరాని అటూ ఇటూ కదుపుతూనే ఉండేవారు. తాను చూసుకుంటే సరిపోదట, నడిపేవాళ్ళ కంటికే కనబడాలట. ఆకివీడు నుంచి వచ్చిన చేపల వ్యాపారి ఒకాయన, మేస్త్రి గారు మళ్ళీ పెళ్ళి పీటలెక్కారని వేళాకోళం చేశాడు. ఆయనా నవ్వారు, పీట మీంచి మాత్రం లేవలేదు.

నా వంతు వచ్చేసరికి నేను ఫోన్లో ఉన్నాను. పరీక్ష డ్యూటీల్లో నా పేరు రెండుసార్లు వేశారు, నేను ఆ పోట్లాటలో ఉన్నాను. వెనక నుంచి ఆయన అడిగారు. కనబడుతున్నారన్నాను. పీట సంగతి అడిగారు. అదీ కనబడుతోందన్నాను. నిజానికి నేను స్క్రీను వైపు తలే తిప్పలేదు. "చూశారా అండీ?" అని మూడోసారి కూడా అడిగారు. చూశానండీ అన్నాను, కాస్త విసుగ్గానే. ఆయన నా మాట నమ్మి స్క్రూ బిగించేశారు. తర్వాత ఒక చిన్న సీసా తీసి, స్క్రూ తల మీద నుంచి బాడీ దాకా ఎర్రటి గోళ్ళ రంగుతో సన్నటి గీత గీశారు. అదేదో ముచ్చట అనుకున్నాను.

నెల తిరక్కుండా, ఒక ఆదివారం అత్తవారింటి వాకిట్లో వ్యాను వెనక్కి తీస్తున్నాను. స్క్రీనులో కొబ్బరి మట్టలు, గేటు, ప్రహరీ గోడ కనబడుతున్నాయి. అడ్డేమీ లేదనుకుని వచ్చేశాను. చక్రం కింద ఏదో పటపటా విరిగింది. దిగి చూస్తే మా అత్తగారి చేట, అందులో గింజ తీసిన చింతపండు. ఆవిడ అప్పటిదాకా వ్యాను వెనకే నేల మీద కూర్చుని ఉన్నారు. ఇంట్లో ఫోను మోగితే అర నిమిషం ముందే లేచి వెళ్ళారు. "పోనీలేవే, పాత చేటే" అన్నారు. అన్నారే గానీ, ఆ రోజంతా మళ్ళీ వాకిట్లోకి రాలేదు. నేనేం చేశానో తెలుసా? మేస్త్రి కెమెరా సరిగ్గా బిగించలేదని అందరికీ చెప్పాను. మావారు ఆయనకి ఫోన్ చేసి నాలుగు మాటలు అన్నారు కూడా. నేను పక్కనే నిలబడి విన్నాను.

మర్నాడే ఏలూరు తీసుకెళ్ళాను. అమ్మగారికి ఏమీ కాలేదు కదా అని ఆయన మూడుసార్లు అడిగారు. తర్వాత వంగి కెమెరా దగ్గర ఆ ఎర్రగీతని చాలాసేపు చూశారు.

"ఆ రోజు పీట కనబడిందన్నారు కదండీ?"

"కనబడిందండీ. తర్వాత కదిలిపోయి ఉంటుంది."

"అయ్యుంటుందండీ. మన రోడ్లు అలాంటివి" అన్నారు.

కెమెరా కిందికి వంచి బిగించారు, సెన్సర్లు కూడా పెట్టారు. ఆ పని చేస్తూ, నా వైపు చూడకుండా, వాళ్ళమ్మ సంగతి చెప్పారు. అప్పట్లో వాళ్ళన్నయ్య వ్యాను నడిపేవాడట. ఒక ఉదయం వాకిట్లోంచి వెనక్కి తీస్తూ, తమ్ముణ్ణి వెనక చూడమన్నాడు. ఈయన అరుగు మీద ఒళ్ళో రేడియో విప్పుకుని కూర్చుని, తల ఎత్తకుండానే "రా, రా" అన్నారు. అమ్మ ఆ పీట మీద కూర్చుని, వ్యాను వెనక చేపలు బాగుచేస్తోంది. ఆవిడకి చెవుడు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి పోయింది.

"అన్నయ్య ఆ రోజు నుంచి స్టీరింగు ముట్టుకోలేదండీ. తనదే తప్పనుకుంటాడు. నేను చూడకుండా రమ్మన్నానని ఇప్పటికీ చెప్పలేకపోయానండీ" అన్నారు.

అప్పుడు చెప్పాల్సింది నేను. గొంతు దాకా వచ్చింది. ఇంత జరిగాక చెబితే ఏమనుకుంటారో అని మింగేశాను. ఆయన వ్యాను తాళాలు నా చేతికిస్తూ, సెన్సరు బురద పట్టినా కూస్తుందనీ, ముందు తుడవమనీ, తుడిచాక కూడా కూస్తే దిగి చూడమనీ చెప్పారు. "ఏమీ లేకపోయినా దిగినందుకు నష్టం లేదండీ" అన్నారు. ఆ తర్వాత మూడేళ్ళలో హారనుకనీ లైటుకనీ ఎన్నిసార్లు వెళ్ళానో. వెళ్ళినప్పుడల్లా ఇవాళ చెబుదామనుకోవడం, మా అత్తగారి ఆరోగ్యం ఆయన అడగడం, బాగున్నారండీ అని చెప్పి వచ్చేయడం. అంతే జరిగింది.

ఫోన్ చేసిన మర్నాడు పరామర్శకి వెళ్ళాను. అలవాటు కొద్దీ వ్యాను తిప్పి, వెనక భాగం షాపు వైపు వచ్చేలా ఆపాను. సగం దించిన షట్టరు కింద నుంచి పనిబల్ల, అట్టకి గుచ్చిన స్క్రూలు కనబడ్డాయి. అవి ఎవరి బండివో ఇక ఎవరికీ తెలియదు. అన్నగారు అరుగు మీద ఉన్నారు. ఎనభైకి దగ్గర పడిన మనిషి, ఆకివీడు నుంచి వచ్చారట. ఆ పీట ఆయన పక్కనే ఉంది. మేస్త్రి గారు దాని మీద కూర్చుని ఎలా అడిగేవారో చెప్పాను. ఆయన పీట అంచు మీద గాట్లు తడుముతూ విన్నారు.

"ఎందుకలా అడిగేవాడో నాకు తెలుసమ్మా" అన్నారు. "ఆ రోజు అద్దంలో చూశాను. వాడు తల దించుకుని రేడియోలో ఉన్నాడు. వాడు చూడట్లేదని తెలిసీ, రమ్మన్నాడు కదా అని వచ్చేశాను. వాడు చెబితే నేనూ చెబుదామని ఇన్నేళ్ళూ చూశాను. వాడూ నాకోసం అలాగే చూశాడేమో."

నాకు ఏడుపు ఆగలేదు. మూడేళ్ళుగా తమ్ముడికి చెప్పాల్సిన మాట అన్నగారికి చెప్పాను. నేను స్క్రీను చూడలేదనీ, నింద ఆయన మీద వేశాననీ, ఆ సంగతి తెలియకుండానే ఆయన వెళ్ళిపోయారనీ చెప్పాను.

గుమ్మంలో నిలబడి వింటున్న మేస్త్రి గారి భార్య లోపలికి వెళ్ళి ఒక గోళ్ళ రంగు సీసా తెచ్చారు. వాళ్ళమ్మాయి సీసాలన్నీ ఆయనే వాడేసేవారట. "స్క్రూ కదిలితే గీత విరుగుతుందండీ. విరగలేదంటే కదలనట్టేనండీ. ఆయన ముందు గీతే చూసుకునేవారు" అన్నారు.

ఆ రోజు ఆయన అంతసేపు చూసిన గీత నాకు గుర్తుంది. ఎక్కడా విరగలేదు.

ఆయనకి తెలుసు. తెలిసీ, తప్పు మన రోడ్ల మీదికి నెట్టి, ఇంటి మనుషులకి కూడా చెప్పుకోని కథ నాకు చెప్పారు. చెప్పాక కాసేపు ఊరుకున్నారు. ఆ కాసేపు నా కోసమే ఆగారని నాకు ఇప్పుడు తెలిసింది.

వచ్చేముందు, ఆ పీట ఒక్కసారి వ్యాను వెనక వేస్తారా అని అన్నగారిని అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు. ఏళ్ళ తరబడి ఒకే చోట వేసి వేసి, పీట కాళ్ళకి మట్టిలో రెండు పల్లాలు పడి ఉన్నాయి. పీటని సరిగ్గా వాటిలో ఆనించి, ఆయన అరుగు మీదికి వెళ్ళిపోయారు. నేను సెన్సర్లు పైటకొంగుతో శుభ్రంగా తుడిచి, సీట్లో కూర్చుని రివర్స్ గేరు వేశాను. స్క్రీను వెలిగింది. దూరం చూపించే ఎర్రగీతల మధ్య పీట, దాని అంచు మీద గాట్లతో సహా ఉంది. దాని మీద ఎవరూ లేరు. సెన్సరు కూయడం మొదలుపెట్టింది. దిగి చూశాను. బురద లేదు, సెన్సర్లకి అందనంత కిందున్న ఆ పీట తప్ప అడ్డం లేదు. మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

"కనబడుతోందండీ" అన్నాను. ఈసారి చూసి చెప్పాను.

సెన్సరు కూస్తూనే ఉంది.