దేవుడి పేరుతో వచ్చిన పిలుపు

నా చిన్నప్పుడు కొన్ని వారాల పాటు, దేవుడి మాట కాదన్నానని, అందుకు మా ఇంటికి కీడు తప్పదని నమ్మి బతికాను. ఈ సంగతి అమ్మకు చెప్పలేదు, తాతయ్యకు చెప్పలేదు, అన్నీ రాసుకునే నా డైరీలో కూడా రాయలేదు. ఇప్పుడే మొదటిసారి చెబుతున్నాను.

తొంభైల మొదట్లో మేం మాణికేశ్వర్ నగర్‌లో ఉండేవాళ్లం. అమ్మ యూనివర్సిటీ ఆఫీసులో టైపిస్టు. నాన్న వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తూ నెలకోసారి వచ్చేవారు. తార్నాకలోని మా చర్చిలో తాతయ్య సండే స్కూల్ చెప్పేవారు. ఒక శనివారం మధ్యాహ్నం, మర్నాటి ఆరాధన కోసం పిల్లలకు పాటలు నేర్పించి, నన్ను వెంటబెట్టుకుని ఇంటికి బయలుదేరబోతుండగా, క్యాంపస్‌లో గొడవ మొదలైందనీ బస్సులు ఆగిపోయాయనీ తెలిసింది. ఆఫీసుకు వెళ్లిన అమ్మ క్యాంపస్ లోపలే ఉండిపోయింది. అప్పుడామెకు ఎనిమిదో నెల.

తాతయ్య నన్ను చర్చి మెట్ల మీద కూర్చోబెట్టారు. తను వచ్చి నా చెయ్యి పట్టుకునేదాకా మెట్టు దిగొద్దన్నారు. "ఎవరు పిలిచినా సరేనా?" అని అడిగాను. ఎవరు పిలిచినా సరే అన్నారు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఒక మాట చెప్పి, క్యాంపస్ వైపు గబగబా నడిచి వెళ్లిపోయారు.

కాసేపటికి చెట్ల మీదుగా నల్లటి పొగ లేచింది. టైరు కాలిన వాసన చర్చి ఆవరణలోకి వచ్చింది. రోడ్డు మీద దుకాణాల షట్టర్లు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి. ఎక్కడో చాలామంది ఒకేసారి అరిచి, ఒకేసారి ఆగిపోయారు. ఆ నిశ్శబ్దమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అప్పుడే వచ్చింది ప్రార్థన ఆంటీ. గుంటూరు నుంచి వచ్చి హబ్సిగూడలో స్థిరపడిన ఆవిడను చర్చిలో అందరూ అలాగే పిలిచేవాళ్లు. ఎవరికి జబ్బు చేసినా ఆవిడ చేత ప్రార్థన చేయించుకునేవాళ్లు. "ప్రభువు నాతో చెప్పాడు" అని ఆవిడ అంటే పాస్టరుగారు సైతం తల వంచి వినేవారు. నాకు ఆవిడంటే చాలా ఇష్టం.

"ప్రార్థనలో ప్రభువు నీ ముఖం చూపించాడమ్మా. ఆ పిల్లను నీ ఇంటికి తీసుకుపో అన్నాడు. లే, పోదాం."

"తాతయ్య ఇక్కడే ఉండమన్నారు ఆంటీ."

"మీ తాతయ్య మాత్రం ఎవరి మాట వింటాడే? దేవుడి మాటేగా. ఆ దేవుడే పిలుస్తుంటే తాతయ్య పేరు చెప్తావా?"

పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. ఆవిడ నా చెయ్యి పట్టి లాగింది. నేను రెండో చేత్తో తలుపు గ్రిల్లు గట్టిగా పట్టుకున్నాను. గేటు దగ్గర నుంచి వాచ్‌మన్ వచ్చాడు.

"పెద్దాయన గట్టిగ చెప్పి పోయిండమ్మా. పొల్లను ఇడిచిపెట్టున్రి. మీరన్న జల్ది పోన్రి, సడక్ మీద లొల్లి అయితుంది."

"దేవుడి సంగతులు నీకేం తెలుసయ్యా?"

"నాకేం ఎరుకమ్మా. గేటు కాడ నిలబడుడే ఎరుక."

ఆంటీ నా చెయ్యి వదిలేసింది. వెళ్లేముందు నా వైపు చూసి, దేవుడి మాట కాదన్న ఇల్లు బాగుపడదమ్మా అంది. కోపంగా అని ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో. జాలిగా అంది.

పొద్దు వాలుతుండగా గేటు ముందు యూనివర్సిటీ జీపు ఆగింది. వెనక సీట్లో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తాతయ్య కళ్లు బాష్పవాయువుకు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. "జల్ది జల్ది, ఆగేది లేదు" అంటున్నాడు డ్రైవరు. తాతయ్య దిగివచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. కాచిగూడలో పిన్ని ఇంటికి చేరాక అమ్మ నాతో అంది, నువ్వు అక్కడ లేకపోతే మీ తాతయ్య నన్ను పంపించేసి నిన్ను వెతుక్కుంటూ ఆ పొగలోకి మళ్లీ నడిచేవాడే అని.

అయినా నా భయం తీరలేదు. అమ్మకు ఆ వారమే నొప్పులు మొదలై ఆగిపోయాయి. మంచం దిగొద్దన్నారు డాక్టరు. అమ్మ పొట్ట మీద చెయ్యి వేసుకుని కళ్లు మూసుకున్నప్పుడల్లా ఆంటీ మాట నా చెవిలో వినబడేది. అన్నం సగంలోనే వదిలేసి లేచేదాన్ని.

ఆ నెల సండే స్కూల్లో తాతయ్య ఇద్దరు ప్రవక్తల కథ చెప్పారు. ఒక ప్రవక్తను దేవుడు ఒక ఊరికి పంపుతూ అక్కడ తినొద్దు, తాగొద్దు, వెళ్లిన దారిన తిరిగి రావొద్దు అన్నాడు. ఆ ఊళ్లోని ముసలి ప్రవక్త ఎదురొచ్చి, నిన్ను ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టమని దేవదూత నాతో చెప్పాడు అన్నాడు. అది అబద్ధం. మొదటివాడు నమ్మి వెళ్లి తిన్నాడు. తిరుగు దారిలో సింహం అతన్ని చంపింది.

పిల్లలంతా వెళ్లాక, ఆ ముసలి ప్రవక్త చెడ్డవాడా అని అడిగాను. తాతయ్య పాటల పుస్తకాలు సర్దుతూ చెప్పారు.

"చెడ్డవాడు పిలిస్తే ఎవరూ వెళ్లరు కదమ్మా. ఆయన జాలిపడే పిలిచాడేమో. కానీ దేవుడు తన మాట మార్చుకోవాలంటే, ముందు ఎవరితో చెప్పాడో వాళ్లతోనే చెప్తాడు."

నేను ఎందుకు అడిగానో ఆయన అడగలేదు. ఆ పూట ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాను. తర్వాత చెల్లి పుట్టింది, ఆరోగ్యంగా. కానీ అది పుట్టినందుకే నేను చేసింది ఒప్పయిందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ కథ విన్నాక, అది పుట్టకముందే, తాతయ్య మాట మీద నిలబడటం తప్పు కాదని నాకు అర్థమైంది.

ఇప్పుడు చర్చిలో స్త్రీల కూటంలో, దేవుడు నాకేం చేశాడో, ఏం చెప్పాడో లేచి సాక్ష్యం చెప్పమంటే నేను లేవను. బిడియం అనుకుంటారు. బిడియం కొంత ఉంది. కానీ నా కోరికను, నా జాలిని, నా భయాన్ని దేవుడి నోట పెట్టేస్తానేమోనన్న జంకు అంతకన్నా ఎక్కువ. దేవుడు చెప్పినది జాగ్రత్తగా చేయడం ఎంత విధేయతో, చెప్పనిది చెప్పాడనకపోవడం కూడా అంతే విధేయత.

చెల్లి పుట్టిన ఏడాదే ఆంటీ వాళ్లు గుంటూరు వెళ్లిపోయారు. చివరి ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ అందరి దగ్గరా సెలవు తీసుకుని నా దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసి, వంగి, నాకు మాత్రమే వినబడేలా అంది.

"ఒక్కదానివే కూర్చుంటే చూడలేకపోయాను. దేవుడు నాతో ఏమీ చెప్పలేదమ్మా."